సూదికి తెలియని ఒక్కపొద్దు

లాజరుకు ఆ ఇంటి కోడలి చెయ్యి తెలుసు, మొహం తెలియదు.

మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఆత్మకూరు నుంచి నాలుగు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ బండపల్లెకు వస్తున్నాడు. కాపుల వీధిలో భీమక్క ఇంటి వెనక్కు పోయి, పెరటి గోడకు సైకిలు ఆనించి, ఒకసారి దగ్గుతాడు. పెరటి తలుపు ఓరగా తెరుచుకుంటుంది. తలుపు వెనక పీట మీద భీమక్క కోడలు తిరుపతమ్మ కూర్చుంటుంది. ఆమె ఎడమ చెయ్యి మటుకు భుజం దాకా బయటికి వస్తుంది. మణికట్టుకు ఆరు ఆకుపచ్చ గాజులు, మోచేతి కింద తేలు బొమ్మ పచ్చబొట్టు, రవిక అంచు కింద రెండు టీకా మచ్చలు. మూడు నెలల కిందట ఆ చెయ్యి ఎండిన కంది కట్టెలా ఉండేది. ఇప్పుడు కాస్త కండ పట్టింది. ఆ కండ చూసి లాజరు లోలోపల మురిసిపోతాడు. మాలపేట నుంచి మిషన్ బడికి, అక్కడి నుంచి ధర్మాసుపత్రి కాంపౌండరు ఉద్యోగానికి వచ్చిన మనిషి అతను. ఆ మురిపెం పైకి చెప్పుకునేంత చోటు ఆ పెరట్లో అతనికి లేదు.

అతను స్పిరిటు స్టవ్వు వెలిగించి, చిన్న గిన్నెలో గాజు సిరంజీ సూదీ ఉడకబెడతాడు. భీమక్క నీళ్ల కడవ కింద తడి ఇసకలో దాచిన మందు సీసా తెచ్చి గడప మీద పెడుతుంది. చేతికి ఇవ్వదు. లాజరు దాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, గీతలు చూసుకుని మందు లాగి, గాలి బుడగ పోయేదాకా సిరంజీని గోటితో తడతాడు. చర్మం ఒడిసి పట్టుకోవడం మటుకు భీమక్క పని. సూది తగలవచ్చు, లాజరు వేలు తగలకూడదు. మందు లోపలికి పోగానే మండుతుంది కాబోలు, తిరుపతమ్మ వేళ్లు ఒకసారి గట్టిగా ముడుచుకుని విచ్చుకుంటాయి. ఆ వెంటనే చెయ్యి తలుపు వెనక్కు పోతుంది. ఒక్క రోజు కూడా ఆ తలుపు వెనక నుంచి మాట రాలేదు. అతను వీధి మలుపు తిరిగేలోపు భీమక్క గడప మీద పేడనీళ్లు చల్లుతుంది. ఆ చప్పుడు అతనికి అలవాటయింది. అలవాటయినంత మాత్రాన బాగుందని కాదు.

ఆ ఇంట్లో మరో మాట నడుస్తూ ఉంది. భీమక్క అన్న కంబన్న ఊరికి పెద్ద. చక్కెర జబ్బు కోడలు ఇంటికెందుకు, పుట్టింటికి పంపించి మా పిల్లను అయ్యన్నకు చేసుకోండి అని పెరట్లో వేపపుల్ల నములుతూ, లాజరు వింటూ ఉండగానే చెల్లెలికి చెబుతాడు. లాజరు ముందు గుట్టు దాచుకోవాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఎద్దుల ముందు దాచుకుంటామా? అయ్యన్న, అంటే తిరుపతమ్మ మొగుడు, మేనమామ మాటకు అడ్డం చెప్పలేక తల వంచుకుని ఎద్దుల గాట్లోకి పోతాడు. తిరుపతమ్మ పుట్టిల్లు శ్రీశైలం పోయే దావలో అడవి అంచు పల్లె. ఆ చుట్టుపక్కల ఇరవై మైళ్లలో సూది పట్టడం వచ్చిన మనిషి లేడు. పుట్టింటికి బండి కట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే ఆ చెయ్యికి పదిహేను రోజులే ఆయుష్షు. ఆ సంగతి ఊళ్లో ఒక్క లాజరుకే తెలుసు, అడిగేవాళ్లు లేరు గనక చెప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దున పెరటి పొయ్యి మీద పెద్ద అండాలో బెల్లం కరుగుతూ ఉంది. యాలకుల వాసన, మిరియాల ఘాటు. భీమక్క తలంటుకుని హడావిడిగా ఉంది. చర్మం పట్టుకున్న ఆమె వేళ్లకు బెల్లం జిగురు అంటుకుని ఉండడం లాజరు చూశాడు. ఏం పండుగమ్మా అని అడగబోయి ఊరుకున్నాడు.

"బిరీన కానీ లాజరూ, శానా పనుండాది," అంది భీమక్క.

అతను సూది వేశాడు. వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి, చెయ్యి లోపలికి పోయింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరు లేడు, పని మీద కర్నూలుకు పోయాడు. బండపల్లె నుంచి కట్టెలమ్మే ఒక ముసలామె కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చింది. లాజరు కట్టు కట్టి, రెండు మాత్రలు పొట్లం కట్టి, బువ్వ తిన్నాకే వేసుకోవాలి అవ్వా అన్నాడు. ఈ పొద్దు బువ్వ లేదు నాయనా అందామె. వాన కోసరం ఊరంతా చౌడమ్మకు ఒక్కపొద్దు పట్టింది, కాపుల కోడళ్లంతా రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పానకం కుండలు మోస్తున్నారు, మాపటేల అమ్మకు పోసినాకనే ఎవురైనా నోట్లో ఏసుకునేది అని వివరంగా చెప్పింది.

లాజరు చేతిలో కత్తెర ఉండిపోయింది.

కాపుల కోడళ్లంతా నా అవ్వా అని మళ్లీ అడిగాడు. అంతా నాయనా, భీమక్క కోడలు గూడా, చక్కెర జబ్బుకు కడుపు కాలితే ఇంగా మంచిదని భీమక్కే అనె అందామె. అనదా మరి? తింటే చక్కెర పెరుగుతుందన్నారు, కాబట్టి తినకపోతే తగ్గుతుంది. ఆ ఇంటికి తెలిసినంతలో అది తప్పు కాదు. తప్పు చెప్పనివాడిది. మూడు నెలలు మందు సీసా దొర్లించాడు, బుడగ తీశాడు, సూది వేశాడు. సూది వేశాక తిండి తప్పితే ఏమవుతుందో ఒక్క రోజు నోరు తెరిచి చెప్పలేదు. ఆ పెరట్లో నోరు తెరిస్తే ఏమంటారో అన్న భయం అతనిది. ఇప్పుడు ఆ భయం చాలా చిన్నదిగా కనిపించింది. దాన్ని మింగేసే పెద్ద భయం లేచింది.

గ్లూకోజు డబ్బా డాక్టరు బీరువాలో ఉంది, తాళం డాక్టరు దగ్గర ఉంది. లాజరు అంగట్లో బెల్లం గడ్డ కొని చొక్కా జేబులో వేసుకుని సైకిలెక్కాడు. వేడిగాలి ఎదురు కొడుతోంది. పొద్దున ఏడింటికి వేసిన సూది. ఎనిమిది, తొమ్మిది, పది. తొక్కుతూనే వేళ్ల మీద గంటలు లెక్కపెట్టాడు. మందు జోరందుకునే వేళ ఇదే. కడుపులో రాత్రి నుంచి గింజ లేదు, నెత్తి మీద కుండ. రెండో మైలు దగ్గర గొలుసు ఊడింది. దాన్ని ఎక్కించి నాలుగు తొక్కులు తొక్కేసరికి మళ్లీ ఊడింది. ప్రభువా అనుకున్నాడు, దాని వెనక ఏ ప్రార్థనా గుర్తు రాలేదు.

ఊరి బయటే డప్పులు వినిపించాయి.

చౌడమ్మ గుడి ముందు జనం మూగి ఉన్నారు. గుడికి యాభై అడుగుల దూరంలో ఒక బండరాయి పాతి ఉంది. మాలపేట వాళ్లూ మాదిగపేట వాళ్లూ దాని అవతల నిలబడి మొక్కుకుంటారు. లాజరు సైకిలు పడేసి ఆ రాతి దాకా పరిగెత్తాడు, అక్కడ కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. జనం మధ్యలో ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని ఊగుతూ ఉంది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చామనచాయ, వెడల్పు నుదురు, పై పెదవి మీద చిన్న కోత. ఎవరో అనుకున్నాడు. ఆమె చెయ్యి పైకి లేచింది. తేలు బొమ్మ పచ్చబొట్టు, ఆరు ఆకుపచ్చ గాజులు.

ఆమె మొహం అతను చూడడం అదే మొదలు. ఒళ్లంతా చెమట కారుతోంది, రవిక తడిసి వీపుకు అంటుకుంది. కళ్లు ఎవరినీ చూడడం లేదు. దవడ వణుకుతోంది. ఎవరినో తిట్టింది, ఏదో సగం మాట అంది, నవ్వింది, పళ్లు కొరికింది. ఆడవాళ్లు వేపమండలతో ఆమె వీపు తడుతున్నారు. భీమక్క కొంగు మెడకు చుట్టుకుని కోడలి కాళ్ల ముందు కర్పూరం వెలిగించి ఏడుస్తోంది. కంబన్న తలపాగా తీసి చేత్తో పట్టుకుని, వానెప్పుడమ్మా, పలుకు తల్లీ, ఏం తప్పు చేసినాము అని అడుగుతున్నాడు. ఆమె చుట్టూ నేల మీద వరసగా ఇరవై కుండల పానకం ఉంది. ఒక్క గుక్క ఆమె నోట్లోకి పోలేదు. అమ్మకు పోసిందాకా ఎవరూ ముట్టకూడదు, అమ్మేమో పలికిందాకా దిగదు.

అది అమ్మ కాదు, సూది అని అరవాలి. అరిస్తే వినేదెవరు? దేవతను పట్టుకుని జబ్బంటాడా కిరస్తానం వాడు అని ఈ రాయి దగ్గరే కొడతారు. కొట్టడం సంగతి అటుంచి, వాళ్లు తనను కొట్టడం ముగించేలోపు ఆ పిల్ల పడిపోతుంది. పడిపోయిన మనిషి మింగలేదు. ఆమె మోకాళ్లు ఒకసారి వంగడం చూశాడు. మళ్లీ ఊగి నిలబడింది. ఇంక ఎంతోసేపు లేదు.

లాజరు రాయి దాటకుండానే గొంతు చించుకుని కేక పెట్టాడు.

"అమ్మ పానకం అడుగుతాండాది! నోరు తెరుస్తాండాది సూడండి, నోరు ఎండుకపోయింది తల్లికి!"

డప్పు ఆగింది. తలలు తిరిగాయి. కంబన్న లాజరు వైపు తిరిగాడు. నీకెట్ల తెలుసురా అని ఆయన నోరు తెరిచే లోపలే తిరుపతమ్మ నాలుక బయటపెట్టి పెదవులు తడుపుకుంది. అంతే, భీమక్క కుండ ఎత్తుకుంది. ఒక్కసారిగా పొయ్యొద్దు తల్లీ, చేత్తో, చేత్తో కొంచెం కొంచెం అని లాజరు అరుస్తూనే ఉన్నాడు. ఒక దోసిలి, రెండు, నాలుగు. సగం గడ్డం మీదుగా కారిపోయింది. సగం గొంతు దిగింది. గొంతు కదలడం చూసి అతను రాతి మీద చతికిలబడ్డాడు.

కాసేపటికి ఆమె ఊగడం ఆగింది. నుదుటి మీద చెమట ఆరసాగింది. చుట్టూ చూసి, కొంగు నెత్తికి లాక్కుని, నీరసంగా, యాడుండాను అత్తా అని అడిగింది. అమ్మ పానకం తాగి చల్లబడింది అని ఊరు ఊరంతా చేతులెత్తి మొక్కింది. ఆ మొక్కే చేతుల్లో లాజరు చేతులు కూడా ఉన్నాయి. తనెప్పుడు చేతులు జోడించాడో అతనికే తెలియదు.

మర్నాడు సాయంత్రం బండపల్లెలో వాన పడింది. విత్తే గొర్రు పట్టేంత పదును.

ఆదివారం పొద్దున లాజరు పోయేసరికి భీమక్క ముంగిట చెప్పులు బారులు తీరి ఉన్నాయి. పొరుగూరి నుంచి కూడా వచ్చారు. పసుపు కుంకుమలు, కొబ్బరికాయలు. మొన్నటిదాకా జబ్బు కోడలని మొహం తిప్పుకున్న వాళ్లు ఆమె పాదాలకు మొక్కుతున్నారు. పెరట్లో భీమక్క చర్మం పట్టుకోవడానికి వచ్చినప్పుడు లాజరు ధైర్యం చేసి నోరు తెరిచాడు. మొన్న వచ్చింది అమ్మవారు కాదమ్మా, సూది వేసుకుని తిండి మానేస్తే అట్లాగే అవుతుంది, ఇంకోసారి అయితే బతకదు అన్నాడు. భీమక్క చేతిలోని చర్మాన్ని వదలకుండానే అతని వంక చూసింది. కోపం కన్నా భయం ఎక్కువుంది ఆ చూపులో.

"నీ దేవుడు నీకు, మా తల్లి మాకు. ఆయమ్మ పలికింది, వాన పడింది. ఆ మాట ఇంగోసారి అన్నావంటే నేను గాదు, ఊరు ఊరుకోదు."

పని ముగియగానే ఆమె ముంగిట్లోకి పోయింది. అక్కడ కంబన్న గొంతు వినిపిస్తోంది. ఆయన మొక్కినప్పుడు మొక్కాడు గానీ, కూతురి సంగతి మరిచిపోలేదు. వచ్చే శుక్రవారం కూడా ఒక్కపొద్దు పట్టి అమ్మను పిలుద్దామని, పలికితే అది చౌడమ్మేనని తానే కొత్త చీర పెట్టి మొక్కుతానని, పలకకపోతే జబ్బు మనిషి కలవరింతలనుకుని శనివారం బండి కడదామని చెబుతున్నాడు. విత్తిన గింజకు ఇంకో వాన కావాలి కదా, అందరూ సరేనన్నారు. అయ్యన్న గొంతు ఎక్కడా వినపడలేదు.

లాజరు సిరంజీ గుడ్డలో చుట్టుకుంటున్నాడు. చెయ్యి ఇంకా తలుపు బయటే ఉంది. రోజూ సూది తీయగానే లోపలికి పోయే చెయ్యి ఆ రోజు పోలేదు. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆ చెయ్యికే చెప్పడం మొదలుపెట్టాడు.

"అమ్మా, మన కడుపు ఎనకాల అడ్డంగా ఒక గ్రంథి ఉంటాది. క్లోమం అంటారు. జానెడు పొడుగు, నాలిక మాదిరి మెత్తన. మనం తినేది చక్కెరై నెత్తురులోకి వస్తే, ఆ క్లోమం ఒక రసం ఇడుస్తాది. చక్కెరను నెత్తురు నుంచి ఒంట్లోకి పంపిచ్చేది ఆ రసమే. నీకు ఆ రసం ఊరేది నిల్చిపోయింది. అందుకే తిన్నదంతా ఒంటేలులో పోయి ఒళ్లు ఎండుకపోతాండె. ఈ సూదిలో ఉండేది ఆ రసమే తల్లీ. అయితే నువ్వు తింటివో లేదో క్లోమానికి తెలుస్తాది. తింటే ఇడుస్తాది, తినకపోతే మూసుకుంటాది. సూదికి అది తెల్దు. నువ్వు ఒక్కపొద్దు ఉండావని దానికెట్ల తెలుస్తాది? నెత్తురులో ఉండే చక్కెరంతా ఊడ్చి పెడతాది. మెదడుకు ఇంగో కూడు లేదు. చెమట, వణుకు, నోటికొచ్చిన మాట. ఆ పైన తెలివి పోతాది. ఆ పైన మనిషే పోతాది."

చెయ్యి కదలకుండా విన్నది. తరవాత మెల్లగా లోపలికి పోయింది.

సోమ, మంగళ వారాలు మామూలుగా గడిచాయి. బుధవారం భీమక్క సీసా లోపల పెట్టడానికి పోయిన క్షణంలో తలుపు వెనక నుంచి, మూడు నెలల్లో మొదటిసారి, ఒక గొంతు వచ్చింది. చిన్న గొంతే, తడబాటు లేదు.

"సూదేసుకోని తినకుంటే శుక్రవారం గూడా అట్లనే అయితాదా?"

అయితాది, అందుకే చెప్తాండా, ఏదో ఒకటి దొంగచాటుగానైనా తినల్ల అన్నాడు లాజరు.

"అమ్మ రాకపోతే శనివారం బండి కడతారు," అంది గొంతు. "ఏ మాత్రం తప్పకుండా సూదెయ్యి."

అప్పుడు అర్థమైంది అతనికి. ఆమె భయపడి అడగలేదు. బండి తప్పించుకునే దావ కోసం అడిగింది. ఒంట్లోకి దేవతను ఎట్లా దించుకోవాలో ఆమెకు తనే నేర్పించాడు. పూస గుచ్చినట్టు, గంటలతో సహా. పోయినసారి పానకం పోసి దించారు కదా, ఈసారీ పోస్తారు అనుకుంటోంది ఆ పిచ్చి తల్లి. పోయక ముందే పడిపోతే? ఈసారి కంబన్న వాన గురించి, పంట గురించి అడిగి అడిగి ఆలస్యం చేస్తే?

గురువారానికీ డాక్టరు ఇంకా రాలేదు. శుక్రవారం లాజరు పోకుండా ఉంటే అమ్మ రాదు, బండి కడతారు. పోయి సూది వేస్తే అమ్మ వస్తుంది, పిల్ల పోతుంది. కంబన్నకు నిజం చెబితే, చెప్పిన నోటిని కొట్టి, ఆ నిజాన్ని మటుకు బండి కట్టడానికి వాడుకుంటాడు. ఎటు తిప్పి చూసినా బండి, కాకపోతే పాడె. పాదిరి గారిని అడుగుదామంటే, అమ్మ పానకం అడుగుతోందని అరిచిన మాట ముందు చెప్పుకోవాలి. మందు గీతలు రుద్ది రుద్ది చూసుకున్నట్టు రోజంతా అవే నాలుగు ఆలోచనలు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

శుక్రవారం పొద్దున పెరట్లో మళ్లీ బెల్లం కాగుతోంది. భీమక్క సీసా గడప మీద పెట్టి, అండాలో గరిటె తిప్పడానికి అటు తిరిగింది. లాజరు సీసా అరచేతుల్లో దొర్లించాడు. మూతి తుడిచాడు. సీసా పక్కన పెట్టి, సిరంజీ ఉడికిన గిన్నెలోని చల్లారిన నీళ్లే సిరంజీలోకి లాగాడు. చేతులు ఎంత వణికాయంటే గోటితో తట్టకుండానే బుడగ పోయింది. ఒక పూట మందు తప్పితే ఒంట్లో చక్కెర పెరుగుతుంది, నోరెండుతుంది, సాయంత్రంలోపు మనిషి పోదు. రాత్రికి బువ్వ తిన్నాక అసలు మందు వేయవచ్చు. ప్రాణం నిలుస్తుంది, ఈ పూటకు. రేపు బండి కడతారు. తను ఇవాళ చేస్తున్నది మెల్లగా చంపడమో, బతికించడమో అతనికే తెలియలేదు.

భీమక్క వచ్చి చర్మం పట్టుకుంది. సూది దిగింది. వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి ఒక క్షణం అట్లాగే ఉండి లోపలికి పోయింది.

లాజరు ఆసుపత్రికి పోలేదు. గుడి ముందరి బండరాతి అవతల ఎండలో కూర్చున్నాడు. నిన్నటి మందు ఇంకా కాస్త ఒంట్లో ఉంటుందేమో, దానికే కళ్లు తిరిగి పడితే అని జేబులో బెల్లం గడ్డ పట్టుకునే ఉన్నాడు. చెమటకు అది కరిగి జేబంతా జిగురయింది. పొద్దు వాలింది. డప్పులు వచ్చాయి, కుండలు వచ్చాయి, తలంటుకున్న జుట్టుతో తిరుపతమ్మ వచ్చి గుడి ముందు నిలబడింది. కర్పూరం వెలిగించారు. పిలిచారు. పలకలేదు.

మళ్లీ పిలిచారు. డప్పు జోరు పెంచారు. ఆమె కట్టెలా నిలబడి ఉంది. కంబన్న తలపాగా ఈసారి నెత్తి మీదే ఉంది. ఆయన చెల్లెలి వంక చూసి, చూసినావు గదా అన్నట్టు గడ్డం ఎగరేశాడు. భీమక్క మొహం పాలిపోయింది. అయ్యన్న జనం వెనక ఎక్కడో గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. లాజరు కళ్ల ముందు అడవి అంచు దావ కనిపించింది, దాని మీద బండి, బండిలో ఆకుపచ్చ గాజుల చెయ్యి. నేనే ఎక్కించాను, సూదిలో నీళ్లు పోసి నేనే ఎక్కించాను అనుకున్నాడు.

అప్పుడు ఆమె ఊగింది.

పొద్దున సిరంజీలోకి ఏం లాగాడు తను? నీళ్లేనా? వణికే చేతులతో తప్పు చేశాడా? అతను లేచి, ఏం చేస్తున్నాడో తెలియకుండా రాయి దాటి నాలుగడుగులు వేశాడు. ఎవరూ అతన్ని చూడలేదు, అందరూ ఆమెనే చూస్తున్నారు. జుట్టు విరబోసుకుంది. దవడ బిగించింది. ఒళ్లు వణికించింది. అతను మొదట ఆమె నుదురు చూశాడు. పై పెదవి చూశాడు. చంకల దగ్గర రవిక చూశాడు. ఎక్కడా తడి లేదు. డెబ్బై మంది మధ్యలో, మంట పక్కన నిలబడ్డ ఆ నుదుటి మీద చెమట చుక్క లేదు.

"ఎవురురా నన్ను సోదించేది?" అంది. మాట తడబడలేదు, ప్రతి అక్షరం చివరి మనిషి దాకా వినపడింది.

కంబన్న తలపాగా నెత్తి మీది నుంచి చేతిలోకి వచ్చింది.

"ఈ పిల్ల ఒంట్లో నేనుండాను. ఈ పిల్ల ఈ గడప దాటితే నేనూ ఊరు దాటతా. నా ఎనకాలనే వానా దాటతాది. నాకు ఒక్కపొద్దు పనికిరాదు. పొద్దున సూది, సూది ఎనకాలనే సంగటి. ఈ పిల్ల కడుపు కాలితే నా కడుపు కాలినట్లే. ఇంగ నన్ను పిలవొద్దు. పిలిస్తే మంచిది గాదు. నేనిచ్చే వాన నేనిస్తా."

పానకం తెచ్చారు. ఒక్క గుక్క మింగి మిగతాది చేత్తో తోసేసింది. కళ్లు మూసుకుని కూలబడి, కొంగు నెత్తికి లాక్కుంది. కంబన్న అందరికన్నా ముందు వంగి మొక్కాడు. ఆయన మోకాళ్లకు అంటిన మన్ను దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

మసక చీకటి పడక ముందే లాజరు పెరట్లో స్టవ్వు వెలిగించాడు. తిరుపతమ్మ అప్పుడే సంగటి తిని చెయ్యి కడుక్కున్న చప్పుడు వినిపించింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, భీమక్క తెచ్చి పెట్టిన ముంతలోంచి కోడలి ఒంటేలు ఎనిమిది చుక్కలు వేసి మంట మీద పట్టాడు. నీలం ఆకుపచ్చగా మారింది, ఆకుపచ్చ పసుపయింది, పసుపు ముదిరి ఇటిక రంగుకు తిరిగింది. చక్కెర మితిమీరిందని చెప్పే ఆ రంగు కనపడకూడదని మూడు నెలలుగా కోరుకునేవాడు. ఆ సాయంత్రం, పొద్దున వేసింది నీళ్లేనని చెబుతున్న ఆ గొట్టాన్ని పడమటి వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

సీసాలోంచి అసలు మందు లాగాడు. భీమక్క చర్మం పట్టబోయి, వేళ్లు నిలవక, చెయ్యి వెనక్కు తీసుకుంది. అమ్మను కళ్లారా చూసి వచ్చిన వణుకు ఇంకా ఆమెను విడవలేదు.

"నా చేతులు ఆడల్యా. నువ్వే పట్టుకో," అని గోడకు ఆనుకుని, ఆ తరవాత దీపం తేవడానికి లోపలికి పోయింది.

లాజరు ఎడమ చేతి రెండు వేళ్లతో ఆ కాస్త కండను పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. మూడు నెలల్లో అదే మొదలు. తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఏం రంగు?"

"ఇటిక తల్లీ."

"పొద్దున మండల్యా లాజరప్పా," అంది తిరుపతమ్మ. "నీళ్లు మండవు గదా. ఈ పొద్దు సూదికి అమ్మ రాదు, నేనే రావల్ల అని అప్పుడే అనుకుంటి."

అతను సూది దించి, మెల్లగా మందు నొక్కాడు. ఆకుపచ్చ గాజుల కింద వేళ్లు గట్టిగా ముడుచుకున్నాయి.

"మండుతాండాదా అమ్మా?"

"మండుతాండాది," అంది.